నాలుగు పంగ గుంజలు, జానెడు మందం కప్పు

మక్కచేను కంకి పట్టగానే చందుర్తి చుట్టుపక్కల ఊళ్లలో మంచెలు లేస్తాయి. చీకటి పడితే గుట్టల మీంచి అడవి పందులు దిగుతాయి. ఒక్క రాత్రి ఏమరుపాటుగా ఉంటే తెల్లవారేసరికి చేనులో పెద్ద చెక్క నేలమట్టమై కనిపిస్తుంది. అందుకే కావలి తప్పదు, కావలికి మంచె తప్పదు. పొద్దున గొడ్డలి, కొడవలి, గడ్డపార పట్టుకుని వచ్చిన ఇద్దరు మనుషులు మాపటికల్లా దాన్ని నిలబెడతారు. గట్టు మీది తుమ్మనో వేపనో చూసి, పంగలున్న నాలుగు గుంజలు కొడతారు. మోకాటి లోతు గుంటలు తవ్వి పాతుతారు. పంగల్లో అడ్డకర్రలు వాల్చి, వాటిమీద కట్టెలు పరిచి, పైన వరిగడ్డి వేస్తారు. మరో నాలుగు సన్నని కర్రలతో తాటికమ్మల నీడ కడతారు. ఎక్కడా ఒక్క మేకు ఉండదు. టేపు ఉండదు. కొలతలన్నీ మూర, జానెడు, బెత్తెడు. ఆ రాత్రి నుంచే ఒక మనిషి దానిమీద కూర్చుని, డబ్బా కొడుతూ, బ్యాటరీ లైటు తిప్పుతూ పంటను కాస్తాడు.

అడవిలో దొరికిన వాటితో, చేతిలో ఉన్న రెండు మూడు పనిముట్లతో గూడు కట్టుకునే విద్యకు ఈ ప్రాంతంలో ఇంకా మిగిలిన రూపం మంచె. వేములవాడకు వాయవ్యంగా ఉన్న చందుర్తి 2016లో జిల్లాలను విడదీసేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రాజన్న సిరిసిల్లలో ఉంది. ఒక వైపు రుద్రంగి, మానాల గుట్టలు, ఇంకో వైపు కథలాపూర్ దాటితే కోరుట్ల. ఎండాకాలం ఆకు రాల్చే అడవి ఇది. టేకు, నల్లమద్ది, మోదుగ, తునికి, ఇప్ప ఇందులో పెరుగుతాయి. చేన్ల గట్ల మీద తాడు, ఈత చెట్లు. చెరువు శిఖంలో జమ్ము. వాగు ఒడ్డున రెల్లు. ఒక ఇంటికి కావలసిన సరుకంతా నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.

ఫోన్‌లో చూసే గుడిసె, ఊళ్లో ఉన్న గుడిసె

ఒంటి చేత్తో అడవిలో గుడిసె కట్టే వీడియోలు కొన్నేళ్లుగా ఫోన్లను ముంచెత్తుతున్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జాన్ ప్లాంట్ అనే యువకుడు 2015లో ‘ప్రిమిటివ్ టెక్నాలజీ’ పేరుతో ఒక ఛానల్ మొదలుపెట్టాడు. రాతి గొడ్డలితో కర్ర కొట్టి, తడక అల్లి, మట్టి మెత్తి గుడిసె కడతాడు. ఒక్క మాట మాట్లాడడు. కోట్లమంది చూశారు. ఆ దారిలో ఆసియా దేశాల నుంచి పుట్టుకొచ్చిన అనుకరణల్లో కొన్ని తెర వెనుక యంత్రాలతో తవ్వించినవని తర్వాత బయటపడింది. అయినా మోజు తగ్గలేదు. సెలవు రోజున టెంటు, కత్తి పట్టుకుని గుట్టల వైపు వెళ్లే కుర్రాళ్లు తెలంగాణ పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు. తాము తెర మీద చూసే పని చేసే చేతులు తమ ఊళ్లోనే, తాతల తరంలో ఇంకా ఉన్నాయన్న సంగతి వాళ్లలో చాలామందికి తట్టదు.

ఇంకోవైపు ఇందిరమ్మ ఇళ్ల కోసం తెలంగాణ ప్రభుత్వం ఇంటికి 5 లక్షల రూపాయల సాయం ఇస్తోంది. గుడిసెలు పోతున్నాయి, పోవడం సహజం కూడా. వాటితోపాటు వాటిని కట్టే తెలివి కూడా ఎక్కడా నమోదు కాకుండా పోవడమే అసలు నష్టం.

కప్పు చరిత్ర గుంటల్లో మిగిలింది

కర్ర, గడ్డి, ఆకు మట్టిలో కలిసిపోతాయి. అందుకే పురావస్తు తవ్వకాల్లో పాత గుడిసె దొరకదు, అది నిలిచిన గుంట దొరుకుతుంది. పాతిన గుంజ కుళ్లిపోయాక ఆ గుంటలో నిండిన మన్ను రంగు చుట్టూ ఉన్న నేల రంగుతో కలవదు. ఆ నల్లటి గుండ్రాలను ఒకదానితో ఒకటి కలిపి చూస్తే ఇంటి చుట్టుకొలత తేలుతుంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బను బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్వాడు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన కొత్తరాతి యుగపు పశువుల దొడ్డి జాడలు అక్కడ బయటపడ్డాయి. దొడ్డి చుట్టూ వరుసగా గుంజలు పాతిన గుంటలు కనిపించాయి. తాటి మొద్దులు పాతి కట్టిన దడి అది. చందుర్తి చేన్లలో ఇప్పటికీ గొర్ల మందకు కంపతో, కర్రలతో కట్టే దడి ఆ వంశానిదే.

> మనిషి కన్నా పాత కట్టడం
> ఆఫ్రికాలో జాంబియా దేశపు కలాంబో జలపాతం దగ్గర రెండు మొద్దులు అడ్డంగా ఒకదానిమీద ఒకటి కూర్చుని దొరికాయి. పై మొద్దు కదలకుండా రాతి పనిముట్టుతో గాడి కోసి ఉంది. వాటి వయసు కనీసం 4,76,000 ఏళ్లని 2023 సెప్టెంబరులో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది. ఇప్పటి మనిషి జాతి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. అంటే కర్రకు కర్రను గాడిలో కూర్చోబెట్టే పని మన జాతి కన్నా ముందే మొదలైంది. తడి నేలలో, గాలి తగలకుండా ఉండడంవల్లే ఆ కర్ర కుళ్లకుండా మిగిలింది.

చెంచుల పెంటలో రెండు రకాల ఇళ్లు

తెలుగు నేల మీద అడవి గూటిని శ్రద్ధగా రాతలో పెట్టిన మొదటివాళ్లలో ఒకరు వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. 1940లో హైదరాబాద్ రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి చూసినదాన్ని 1943లో పుస్తకంగా తెచ్చాడు. చెంచుల చిన్న పల్లెను పెంట అంటారు. పెంటలో కాస్త నిలకడైన ఇల్లు గుండ్రంగా ఉంటుంది. నడుమ ఒక గుంజ, చుట్టూ వెదురు తడక గోడ, పైన శంకువు ఆకారంలో గడ్డి కప్పు. ఎండాకాలం నీళ్లు ఎండి, ఇప్పపువ్వు రాలే వేళకు వాగు దగ్గరికో చెట్ల నీడకో వలస పోతే, అక్కడ ఆకులతో, కొమ్మలతో చిన్న గూడు చాలు. వాన లేని నెలలకు వానను ఆపే కప్పు ఎందుకు? ఎన్ని రోజులుంటామో అంతకు సరిపడే శ్రమే పెట్టడం ఈ విద్యలో మొదటి సూత్రం.

గుండ్రటి ఇంటి వెనుక లెక్క కూడా ఉంది. 100 చదరపు అడుగుల నేలను చుట్టాలంటే చతురస్రానికి 40 అడుగుల గోడ కావాలి, వృత్తానికి సుమారు 35 అడుగులు చాలు. అల్లే తడక తగ్గింది, కొట్టే వెదురు తగ్గింది. మూలలు లేవు కాబట్టి గాలి గోడను ఒకేచోట తోయకుండా పక్కలకు జారిపోతుంది.

అలాగని చెంచులు గుడిసెల్లోనే ఉండాలని బయటివాళ్లు కోరడం అన్యాయం. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం చెంచు, కోలాం, కొండరెడ్డి, తోటి తెగల కుటుంబాలకు ఇంటికి 2.39 లక్షల రూపాయలు ఇస్తోంది. పాము భయం, నిప్పు భయం లేని ఇల్లు ప్రతి తల్లికీ కావాలి. ఆ ఇంటి పక్కనే వంటకో, మేకలకో, అల్లుడొస్తే పడుకోవడానికో ఒక గుడిసె లేస్తే, ఆ విద్య ఇంకో తరం బతుకుతుంది.

చోటు చూడడం

గుడిసె నిలబడేదీ కూలేదీ సగం చోటును బట్టే తేలిపోతుంది. వాగు ఇసుకలో మెత్తగా, చల్లగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. పైన గుట్టల్లో ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ చినుకు పడకుండానే వాగు పొంగుతుంది. పల్లం వద్దు, గుట్ట కొన వద్దు, రెంటికీ నడుమ కాస్త వాలున్న నేల మంచిది. తల ఎత్తి పైకి చూడాలి. ఎండిన పెద్ద కొమ్మ ఉంటే గాలిదుమారానికి అది దిగేది గుడిసె మీదికే. నేల మీద పుట్ట ఉంటే చెద ఉన్నట్టు, పాము ఉండే అవకాశం కూడా ఉన్నట్టు. నీటిగుంట పక్కనే ఉండకూడదు. రాత్రి ఆ దారి జంతువులది.

వానాకాలపు గాలి ఈ ప్రాంతంలో పడమర, నైరుతి నుంచి కొడుతుంది. అందుకే గుడిసె వాకిలి తూర్పుకు ఉంటుంది, జల్లు వెనుక గోడకు తగిలి పోతుంది. పొద్దుటి ఎండ నేరుగా లోపలికి వచ్చి నేలను ఆరబెడుతుంది. చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, వాలు వైపు వదిలేస్తే లోపలికి నీరు రాదు. వీడియోల్లో చాలా అరుదుగా కనిపించే పని ఇది. మొదటి పెద్ద వానకే దీని విలువ తెలుస్తుంది.

కర్ర, పంగ, కట్టు

ఏ కర్ర అయినా రెండు పొరలు. లోపలి ముదురు రంగు చేవ, బయటి లేత పొర. చెదకు తిండి ఆ లేత పొరే. నేలలో పాతే గుంజకు చేవ ఎక్కువున్న కర్ర కావాలి. నల్లమద్ది, టేకు, తుమ్మ పెద్దల ఎంపిక. పైకప్పు వాసాలకు అంత బలం అక్కరలేదు, తేలికగా, నిటారుగా ఉంటే చాలు. అక్కడ వెదురుకు మించినది లేదు. మూడేళ్లు దాటిన వెదురే కొట్టాలి. లేత వెదురు ఎండితే ముడుచుకుపోయి కట్లు వదులవుతాయి.

వెదురును వెన్నెల తగ్గే పక్షంలో, చలికాలంలో కొట్టాలని ఊరి నమ్మకం. ఇందులో కాలం మాట నికరమైనది. వెదురులో పిండిపదార్థం రుతువును బట్టి హెచ్చుతగ్గులవుతుంది, కొత్త పిలకలు వేయడానికి ముందు ఎక్కువగా పేరుకుంటుంది. పురుగు వెదురును తొలిచేది ఆ పిండి కోసమే. చలికాలంలో కొట్టిన వెదురును కొన్ని వారాలు చెరువు నీళ్లలో ముంచి ఉంచితే తీపి, పిండి నీటిలోకి కారిపోతాయి. ఆ నీళ్లు కంపు కొడతాయి, వెదురు మాత్రం ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా ఉంటుంది.

గుంజ ఎంచేవాడు ముందు పంగ చూస్తాడు. రెండు కొమ్మలు చీలిన చోట చెట్టే తన నారను ఒకదానిలో ఒకటి కలిపి అల్లుకుంటుంది. ఏ వడ్రంగీ చేయలేని జోడింపు అది. ఆ పంగలో దూలం వాలిస్తే బరువు నేరుగా గుంజలోకి, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది. తాడు చేసేది దూలం పక్కకు జారకుండా పట్టడమే. గుడిసెకు నడుమ రెండు నిట్టాళ్లు, వాటిమీద వెన్నుగర్ర, దాని నుంచి రెండు వైపులా దిగే వాసాలు, వాసాలకు అడ్డంగా మూరెడు ఎడంతో కట్టే వెదురు బద్దలు. ఇంతే అస్థిపంజరం. గుంటలో మన్ను ఒక్కసారే పోసి తొక్కడం తప్పు. బెత్తెడు బెత్తెడుగా పోస్తూ, రాళ్లు కొడుతూ, ప్రతి పొరనూ గడ్డపార మొదలుతో దంచాలి.

కట్టుకు గోగునార, మోదుగ వేరు నార, తాటిమట్ట నార పనికొస్తాయి; అడ్డాకు దొరికే అడవుల్లో ఆ తీగ నార. పొడి నారతో కడితే తెగుతుంది. నానబెట్టి, తడి మీద బిగించి కట్టాలి, ఎండుతూ అది ఇంకా బిగుస్తుంది. ఇనుప తీగ అలా బిగియదు. పైగా కర్ర ఎండి సన్నబడితే తీగ కట్టు వదులై ఊగుతుంది.

గడ్డి వాన ఎలా ఆపుతుంది?

సందులున్న గడ్డి నీటిని ఆపుతుందంటే మొదటిసారి వినేవారికి నమ్మశక్యంగా ఉండదు. కప్పు మీద పడిన చినుకు ఒక పోచ పట్టుకుని జారుతుంది, దాని కొసకు చేరి కింది పోచ మీదికి దిగుతుంది, అలా చూరుదాకా పోతుంది. వాలు చాలినంత ఉంటే పై రెండు వేళ్ల మందమే తడుస్తుంది, లోపలి గడ్డి పొడిగానే ఉంటుంది. వాలు తగ్గితే చినుకు జారే లోపలే ఇంకుతుంది. అందుకే అడుగు వెడల్పుకు అడుగు ఎత్తు, అంటే 45 డిగ్రీలు, కనీస వాలు. చదరపు తువాలును మూలకు మూల మడిచి పట్టుకుంటే ఆ కోణం చేతిలోనే ఉంటుంది. వీడియో చూసి కట్టిన గుడిసెలు కారడానికి మొదటి కారణం గడ్డి చాలకపోవడం కాదు, వాలు చాలకపోవడం.

రెల్లు, బోదగడ్డి పూత ముగిసి ఎండాక, కార్తీకం దాటిన తర్వాత కోస్తారు. పచ్చిగా కోసిన గడ్డి కప్పు మీద కుళ్లుతుంది. పిడికెడంత కట్టలు కట్టి ఆరబెట్టి, ఎండాకాలం కప్పు పని పెట్టుకుంటారు. రోహిణి కార్తె ముగిసేలోపు పని అయిపోవాలి, మృగశిరకు వాన వచ్చేస్తుంది. కప్పు ఎప్పుడూ చూరు నుంచి మొదలై పైకి పోతుంది. ప్రతి పై వరుస కింది వరుసను సగానికి మించి కప్పాలి, చేప పొలుసుల మాదిరి. ప్రతి వరుస మీద ఒక వెదురు బద్ద పరిచి, లోపలి బద్దకు నారతో కుట్టి బిగిస్తారు. ఒక మనిషి పైన, ఒక మనిషి లోపల. పొడవాటి వెదురు సూది గడ్డిలోంచి అటు పోతూ ఇటు వస్తూ ఉంటుంది. మొత్తం మందం జానెడుకు తగ్గకూడదు.

కారే చోటు దాదాపు ఎప్పుడూ వెన్ను మీదే ఉంటుంది. రెండు వాలులు కలిసే ఆ గీత మీద గడ్డిని అటూ ఇటూ వంచి, పైన తాటికమ్మలు కప్పి, బరువుకు కర్రలు కట్టాలి. చూరు గోడకు రెండడుగులు బయటికి రావాలి. మట్టి గోడను బతికించేది ఆ చూరే.

రెల్లు దొరకని చోట తాటికమ్మ, ఈతకమ్మ, జమ్ము. అవీ లేకుంటే టేకు ఆకు, మోదుగ ఆకు. వీటిని రెండు వెదురు అల్లికల నడుమ పరిచి నొక్కి కడితే ఒక వానాకాలం గడుస్తుంది.

> పొయ్యి పొగ చేసే మేలు
> గడ్డి ఇంట్లో పొయ్యి రోజూ వెలగాలి. పొగ కప్పులోకి ఎక్కి, గడ్డికి నల్లటి జిగురులాంటి పూత పడుతుంది. పురుగు చేరదు, తేమ నిలవదు. మనుషులు వదిలేసిన గుడిసె, మనుషులున్న గుడిసె కన్నా ముందే కూలడానికి ఇదొక కారణం. అదే పొగ కళ్లకు, ఊపిరితిత్తులకు చేటు. అందుకే మొగరాల దగ్గర పొగ పోయే సందు వదలాలి, పొయ్యికీ కప్పుకూ నడుమ నిలువెత్తు ఎడం ఉండాలి.

తడక, మన్ను, అలుకు

గోడకు వెదురు బద్దలో, సన్నని కొమ్మలో నిలువు కర్రల మధ్య అల్లితే తడక. రెండు వైపులా మన్ను మెత్తితే గోడ. ఉత్త బంకమన్ను ఎండితే పగుళ్లిస్తుంది. అందులో ఇసుక, తరిగిన వరిగడ్డి, పేడ కలిపి తొక్కి, రెండు మూడు రోజులు నాననిచ్చి వాడాలి. గడ్డి పోచలు పగులును పట్టి ఆపుతాయి. పుట్టమన్ను దొరికితే మరీ మంచిది, చెదపురుగులు దాన్ని అప్పటికే మెత్తగా నూరి పెట్టి ఉంటాయి. నేలను జానెడు ఎత్తు చేసి, దిమ్మిస కొట్టి, పేడతో అలుకుతారు.

ఒక్క రాత్రికైతే

దారి తప్పినవాడు అడవిలో ఒక్క రాత్రి గడపాలంటే పాశ్చాత్య పుస్తకాలు చెప్పే ఉపాయం ఒకటుంది. నడుమెత్తు పంగలో ఒక పొడవాటి కర్ర ఏటవాలుగా వాల్చి, రెండు వైపులా కొమ్మలు ఆనించి, మూరెడు మందం ఎండుటాకు పోసి, లోపల కూడా ఆకు నింపి అందులో దూరి పడుకోవడం. ఆకుల నడుమ చిక్కిన గాలి ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. మంచు దేశాల్లో అది ప్రాణం కాపాడుతుంది. తెలంగాణ అడవిలో ఎండుటాకు కుప్ప తేళ్లకు, చిన్న పింజరలకు నిలయం. రాత్రి నేల మీద పడుకున్నవారిని కట్లపాము కాటేసిన ఉదంతాలు మన ఊళ్లలో కొత్త కాదు, ఆ కాటు నొప్పి కూడా పెద్దగా తెలియనివ్వదు. అందుకే ఇక్కడి జవాబు మంచె. తొడ ఎత్తుకు లేచిన నాలుగు గుంజల మంచం, కింద గాలి, పక్కన చిన్న నెగడు. చలి మరీ ఎక్కువైతే ఆకును శుభ్రంగా దులిపి మంచె మీద పరుచుకోవచ్చు. పుస్తకంలోని గూడును ఉన్నదున్నట్టు దించకుండా, నేలను చూసి కట్టడమే ఈ విద్య.

రేకులు వచ్చాక

జనాభా లెక్కల ప్రకారం దేశంలో గడ్డి, ఆకు, వెదురు, మట్టి కప్పులున్న ఇళ్లు 2001లో సుమారు 22 శాతం, 2011 నాటికి 15 శాతం. తగ్గుదలకు కారణాలు బలమైనవి. గడ్డి కప్పు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. ఎండాకాలం ఒక నిప్పురవ్వకు వాడ వాడంతా కాలిన రోజులు ప్రతి ఊరి జ్ఞాపకంలో ఉన్నాయి. వాగుల ఒడ్లు చేన్లయ్యాక రెల్లు దూరమైంది. ఒకప్పుడు పది ఇళ్లవాళ్లు వంతుల వారీగా ఒకరి కప్పుకు ఒకరు సాయం పట్టేవారు. ఇప్పుడు ఇంటి మగవాళ్లు దుబాయిలోనో భీవండిలోనో ఉంటే సూదికి రెండో మనిషి దొరకడు.

సిమెంటు రేకు ఈ బాధలన్నీ ఒక్క రోజులో తీర్చి, ఇంకో బాధ తెచ్చింది. 45 డిగ్రీలు దాటే మే నెలలో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో రేకుల కింద మధ్యాహ్నం ఉండలేని ముసలివాళ్లు వేపచెట్టు కిందికి మంచం ఈడ్చుకుంటారు. గడ్డిలో చిక్కిన గాలి వేడిని దిగనివ్వదు, పలుచని రేకు ఆపలేదు. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులను కోస్తే వచ్చే ధూళి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది కూడా. రేకుల ఇంటి మీద తాటికమ్మలు పరుచుకునే కుటుంబాలు పాత తెలివిని కొత్త ఇంటికి అతికిస్తున్నాయి. ఈ పనితనాన్ని బడి పిల్లల చేత ఊరి పెద్దల నుంచి రాయించి, ఫొటోలు తీయించి దాచడానికి పెద్ద ఖర్చు లేదు. కప్పు కుట్టడం తెలిసినవారిలో ఎక్కువమంది అరవై దాటినవారే కాబట్టి ఆ పనికి వ్యవధి మాత్రం ఎక్కువ లేదు.

కట్టాలనుకుంటే ఎక్కడ?

రిజర్వు అడవిలో కర్ర కొట్టడం, నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా కఠినం. అడవి మీద ఆధారపడి బతికేవారికి 2006 అటవీ హక్కుల చట్టం వెదురు సహా చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. సరదాకు వెళ్లే పట్నంవాళ్లకు ఆ హక్కు లేదు. కేంద్ర అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణ అడవి బయట పెంచిన వెదురును ‘చెట్టు’ నిర్వచనం నుంచి తీసేసింది. కాబట్టి సొంత గట్టు మీద పెంచిన వెదురు కొట్టుకుని వాడుకోవచ్చు. మిగతా చెట్లలో చాలావాటికి సొంత భూమిలోనైనా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి.

నేర్చుకోవాలనుకునేవారికి చేను గట్టే మంచి బడి. వాసాలకు సుబాబుల్, నీలగిరి. గుంజలకు ఊరూరా కలుపుగా పెరిగిన సర్కారు తుమ్మ. తడకకు లంటానా కొమ్మలు. ఇవి కొడితే అడవికి నష్టం లేదు, పైగా కొంత మేలు. తాటికమ్మలకు గౌడన్ననే అడగాలి. ఏ చెట్టు నుంచి ఎన్ని కమ్మలు తీస్తే కల్లుకు దెబ్బ తగలదో తెలిసింది ఆయనకే. వెదురు చలికాలంలో కొట్టి, ఉగాది వెళ్లాక కప్పు పని మొదలుపెడితే వానలకు గుడిసె సిద్ధంగా ఉంటుంది.